వనాల్లో జనసంచారం: మొక్కలు, వన్యప్రాణులపై దాని ప్రభావాన్ని లెక్కించే తీరు

అడవిలోగానీ, చెరువు గట్టునగానీ, ఊరి పక్క గుట్టమీదగానీ జనం సేదతీరడానికి ఏర్పాట్లు చేసినప్పుడు అక్కడి మొక్కలకూ జంతువులకూ ఏమవుతోందో క్రమం తప్పకుండా కొలిచి, రాసిపెట్టి, ఆ లెక్కను బట్టి నిర్వహణను దిద్దుకునే పనిని వినోద ప్రభావ పర్యవేక్షణ అంటారు. దీని పరిధిలోకి రెండు వేర్వేరు విషయాలు వస్తాయి. మొదటిది జనసంచారం: నడక, పరుగు, సైకిలు, సఫారీ, ఫొటోలు, వనభోజనాలు, మొక్కు తీర్చుకోవడానికి కొండ ఎక్కడం. రెండోది ఆ జనం కోసం కట్టేవి: ట్రాకు, దీపాలు, లాన్, మరుగుదొడ్లు, పార్కింగ్, తినుబండారాల కొట్లు. మనిషి వెళ్లిపోయాక జంతువు తిరిగి రావచ్చు. సిమెంటు దారి, స్తంభానికి కట్టిన దీపం మాత్రం అక్కడే ఉంటాయి. ఈ రెండింటినీ ఒకే పద్దులో వేస్తే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తేలదు. ఈ రంగంలో దాదాపు వందేళ్లుగా పోగైన సాక్ష్యాన్ని చూస్తే ఒక సంగతి గట్టిగా నిలుస్తుంది. చెరుపులో ఎక్కువ భాగం తొలి రోజుల్లోనే, కొద్దిమంది అడుగులతోనే జరిగిపోతుంది. అది కంటికి ఆనడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. పార్కు తెరిచాక మొదలుపెట్టిన లెక్క ఎంత శ్రద్ధగా సాగినా మిగిలినదాన్నే నమోదు చేయగలదు, పోయినదేమిటో చెప్పలేదు. కాబట్టి లెక్క శంకుస్థాపనకు ముందే మొదలవ్వాలి, దాని ఫలితాన్ని బట్టి ఏం చేస్తారో కూడా ముందే రాసుకోవాలి అన్నది ఈ వ్యాసం వాదన.

మొక్కల విషయంలో సాక్ష్యం అన్నిటికన్నా స్పష్టంగా ఉంది, ఎందుకంటే మొక్క పారిపోదు. 1928లో మైనెకే అనే వృక్షరోగ నిపుణుడు కాలిఫోర్నియా రెడ్‌వుడ్ వనాల్లో పర్యాటకుల రద్దీ గురించి నివేదిక రాస్తూ, మహావృక్షాల మొదళ్ల చుట్టూ జనం తిరిగి తిరిగి నేల గట్టిపడిపోతోందని, పైపొరల్లో పాకే వేళ్లు దెబ్బతింటున్నాయని హెచ్చరించాడు. ఏడేళ్ల తర్వాత, 1935లో, ఇంగ్లండులో బేట్స్ కాలిబాటల మీద, బండిదారుల్లో, పొలాల గేట్ల దగ్గర పెరిగే మొక్కలను పరిశీలించి, తొక్కుడు పెరిగేకొద్దీ ఏవి మాయమవుతాయో, ఏవి నిలుస్తాయో ప్రచురించాడు. ఈ తొలి పరిశీలనలకు ఒక లోటు ఉంది. అప్పటికే పడిపోయిన బాటలను చూసి వెనక్కి ఊహించడమే తప్ప, బాట పడకముందు అక్కడ ఏముందో వాళ్లకు తెలిసే వీలు లేదు. ఆ లోటును పూడ్చింది ప్రయోగం.

1993లో అమెరికాకు చెందిన డేవిడ్ కోల్, స్కాట్లాండులో పనిచేసిన నీల్ బేఫీల్డ్ కలిసి తొక్కుడు ప్రయోగానికి ఒక ప్రామాణిక పద్ధతిని ప్రతిపాదించారు. ఎవరూ నడవని నేలను ఎంచుకుని దానిమీద అర మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు గల పట్టీలు గుర్తిస్తారు. ఒక పట్టీని అసలు ముట్టరు. మిగతావాటిలో ఒకదానిమీద 25 సార్లు, మరోదానిమీద 75 సార్లు, ఇంకోదానిమీద 200, చివరిదానిమీద 500 సార్లు మామూలు నడకతో అటూ ఇటూ నడుస్తారు. రెండు వారాలయ్యాక ఒకసారి, ఏడాది గడిచాక మరోసారి ప్రతి పట్టీ మీదా చిన్న చట్రం పరిచి, ఏ జాతి మొక్క ఎంత శాతం నేలను కప్పి ఉందో, ఎంత ఎత్తుందో, బోడి నేల ఎంత తేలిందో రాస్తారు. ముట్టని పట్టీలో ఆ ఏడాది వానవల్లో ఎండవల్లో వచ్చిన మార్పును లెక్కలోంచి తీసేస్తే మిగిలేది అచ్చంగా అడుగుల పని. ఇందులో ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు. మేకులు, తాడు, చట్రం, ఓపిక ఉంటే చాలు. ఇందువల్లే ఈ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది, ఒకచోటి ఫలితాన్ని ఇంకోచోటి ఫలితంతో పోల్చే వీలు కలిగింది.

కోల్ ఈ పద్ధతిలోనే అమెరికా పర్వత ప్రాంతాల్లో 18 రకాల వృక్షసముదాయాలను పరీక్షించాడు. కొన్ని పచ్చికలు వందల నడకలను తట్టుకున్నాయి. అడవి నీడలో పెరిగే వెడల్పాకుల లేత మొక్కలు మాత్రం పదుల సంఖ్యలో నడకలకే చాలావరకు నేలకరిచాయి. తట్టుకునే శక్తి వేరు, కోలుకునే శక్తి వేరని కూడా తేలింది. కొమ్మ గట్టిపడిన చిన్న పొదలు మొదట్లో బాగానే నిలబడతాయి, కానీ ఒకసారి విరిగితే ఏడాది గడిచినా తేరుకోవు. నేలకు అంటుకుని మొగ్గ వేసే గడ్డిజాతులకు తొక్కుడూ పెద్ద బాధ కాదు, కోలుకోవడమూ కష్టం కాదు. మన దగ్గర మైదానాల్లో, బళ్ల ఆవరణల్లో అన్నీ పోయినా గరిక మిగలడానికి కారణం అదే. అన్నిటికన్నా ముఖ్యమైన ఫలితం మరొకటి ఉంది. అడుగుల సంఖ్యకూ చెరుపుకూ ఉన్న సంబంధం సరళరేఖ కాదు. మొదటి కొన్ని పదుల, వందల నడకల్లో పచ్చదనం నిట్టనిలువుగా పడిపోతుంది. ఆ తర్వాత నడకలు రెట్టింపైనా అదనంగా పోయేది కొంచెమే, ఎందుకంటే పోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. బాగా నలిగిన ట్రాకు మీద రోజుకు వెయ్యిమంది బదులు రెండువేలమంది నడిస్తే మొక్కలకు జరిగే అదనపు నష్టం స్వల్పం. పొదల మధ్య నుంచి పదిమంది కొత్తగా ఒక అడ్డదారి తొక్కితే జరిగే నష్టం అంతకంటే ఎన్నో రెట్లు. అందుకే పర్యవేక్షకుడు ముందుగా కొలవాల్సింది గేటు దగ్గర తెగిన టికెట్లను కాదు, ఆ ఏడాది కొత్తగా పడిన అనధికార బాటల పొడవును.

బాట పడితే దాని ప్రభావం అంచుతో ఆగదు. గట్టిపడిన నేలలోకి వాన నీరు ఇంకదు. పక్కకు పారి, మట్టిని కోసుకుపోతుంది. బూట్లకూ టైర్లకూ అంటుకుని వచ్చిన విత్తనాలు అంచుల్లో మొలుస్తాయి. వయ్యారిభామ, లాంటానా మన అడవుల్లోకి దారుల వెంట, తవ్విన అంచుల వెంట సులువుగా చొరబడతాయి. పైగా పార్కు అభివృద్ధి పేరుతో మనమే తెచ్చి నాటేవి కొన్ని. తెలంగాణలో రోడ్ల పొడుగునా, పార్కుల్లోనూ కోనోకార్పస్‌ను విరివిగా నాటి, తర్వాత వద్దనుకున్న సంగతి తెలిసిందే. పచ్చదనం ఎంత శాతం పెరిగిందని మాత్రమే కొలిచే లెక్కలో ఇది లాభంగా కనిపిస్తుంది. ఉపగ్రహ చిత్రానికి లాన్ కూడా పచ్చనే, ముళ్ల పొదలతో నిండిన దక్కను అడవీ పచ్చనే. అందువల్ల ఏ జాతి, ఎంత మేర, మొలకలున్నాయా లేదా అని నేలమీద నిలబడి చూసే లెక్కకు ప్రత్యామ్నాయం లేదు.

జంతువుల దగ్గరికి వచ్చేసరికి పని కష్టమవుతుంది, వాదనలూ మొదలవుతాయి. 2016లో లార్సన్, ఆమె సహచరులు 274 పరిశోధన వ్యాసాలను కూర్చి చూడగా, 93 శాతం వ్యాసాల్లో వినోద కార్యకలాపాల వల్ల జంతువులపై ఏదో ఒక ప్రభావమైనా కనిపించింది. గుర్తించిన ప్రభావాల్లో 59 శాతం చెడువిగా వర్గీకరించారు. మోటారు వాహనాల కన్నా నడక, స్కీయింగ్ వంటి నిశ్శబ్దపు పనులకే చెడు ప్రభావాల సాక్ష్యం ఎక్కువగా దొరకడం చాలామందిని ఆశ్చర్యపరిచింది. దానికి ఎనిమిదేళ్ల ముందు రీడ్, మెరెన్‌లెండర్ ఉత్తర కాలిఫోర్నియాలో 28 రక్షిత ప్రాంతాలను పోల్చారు. జనాన్ని నడకకు అనుమతించినచోట, అనుమతించని పొరుగు ప్రాంతాలతో పోలిస్తే కయోటీ, బాబ్‌క్యాట్ వంటి స్థానిక మాంసాహారుల సాంద్రత అయిదో వంతుకు తగ్గింది. స్థానికేతర జాతుల వాటా పెరిగింది. ఆ పార్కుల్లో ఎవరూ వేటాడలేదు, చెట్టు కొట్టలేదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గరి అడవుల్లో బ్యాంక్స్, బ్రయంట్ కుక్కను గొలుసుతో పట్టుకుని నడిచినచోట పక్షి జాతుల వైవిధ్యం 35 శాతం, మొత్తం పక్షుల సంఖ్య 41 శాతం తగ్గినట్టు 2007లో చూపారు. కుక్కల నడకకు ఎప్పటినుంచో అలవాటుపడిన ప్రాంతాల్లోనూ ఫలితం అదే. వీటన్నిటితోపాటు, 2018లో గేనర్ బృందం ఆరు ఖండాల్లో 62 క్షీరద జాతుల మీద వచ్చిన అధ్యయనాలను క్రోడీకరించి, మనిషి ఉన్నచోట జంతువుల రాత్రి సంచారం 1.36 రెట్లు పెరిగిందని తేల్చింది. పగలు దారిమీద నిలబడి చూసేవారికి జంతువు లేదనిపిస్తుంది. అది రాత్రికి జరిగింది.

ఇక్కడ అభ్యంతరాలు బలమైనవే. చాలాసార్లు వినిపించేది అలవాటు వాదన: జంతువులు మనిషికి అలవాటుపడతాయి, నెమళ్లు వాకర్ల పక్కనే తిరుగుతున్నాయి కదా అని. అలవాటుపడినవి కనిపిస్తాయి; పడలేనివి వెళ్లిపోయి ఉంటాయి. కళ్లముందున్న నెమలి గురించి అడిగే ప్రశ్నకు కళ్లముందు లేని జీవి జవాబు చెప్పదు. తెరవకముందు జాబితా ఉంటేనే ఆ లేమి తెలుస్తుంది. ఇంతకన్నా లోతైన అభ్యంతరం శాస్త్రజ్ఞుల నుంచే వచ్చింది. 2001లో గిల్, నోరిస్, సదర్‌లాండ్ ఒక హెచ్చరిక చేశారు: పారిపోవడం అనే ప్రవర్తన, సంతతి తగ్గడం అనే ఫలితం ఒకటి కాదు. వెళ్లడానికి ఇంకో మంచి చోటున్న జంతువు తొందరగా పారిపోతుంది. వేరే గతి లేనిది కదలకుండా అక్కడే ఉండి నష్టపోతుంది. 2004లో బీల్, మొనాఘన్ దీన్ని చక్కగా రుజువు చేశారు. తీరపు రాళ్లమీద మేసే టర్న్‌స్టోన్ పక్షుల్లో కొన్నింటికి అదనంగా మేత పెట్టారు. కడుపు నిండినవి మనిషిని చూసి ఎక్కువ దూరం నుంచే ఎగిరిపోయాయి. ఆకలితో ఉన్నవి మనిషి దగ్గరికొచ్చేదాకా మేస్తూనే ఉన్నాయి. అంటే మనిషిని లెక్కచేయనట్టు కనిపించిన పక్షే ఎక్కువ ఇబ్బందిలో ఉంది. పారిపోయే దూరం ఒక్కటే కొలిచి, 'ఇక్కడ జంతువులకు భయం లేదు, కాబట్టి నష్టం లేదు' అని రాసిన నివేదిక తప్పుదారి పట్టించగలదు. ఈ అభ్యంతరం పర్యవేక్షణ వద్దనడానికి ఆధారం కాదు. గుడ్లు, పిల్లలు, బతికి బయటపడ్డవాటి సంఖ్య కొలవమని చెబుతోంది.

అలా కొలిచిన మంచి ఉదాహరణ అమెరికాలోని కొలరాడోలో ఉంది. ఎల్క్ దుప్పులు ఈనే కాలంలో కొండదారుల మీద నడిచేవాళ్లు వాటిని బెదరగొడితే ఏమవుతుందో చూడాలని పరిశోధకులు రెండు ప్రాంతాలను ఎంచుకున్నారు. ముందుగా ఎవరూ జోక్యం చేసుకోకుండా రెండు చోట్లా ఎన్ని ఆడదుప్పులకు ఎన్ని పిల్లలున్నాయో లెక్కించారు. తర్వాత రెండేళ్లు ఒక ప్రాంతంలో మాత్రమే, ఈనే కాలంలో, మెడకు రేడియో పట్టీ ఉన్న దుప్పుల దగ్గరికి నడుచుకుంటూ వెళ్లి వాటిని కదిలించారు. ఆ ప్రాంతంలో పిల్లల నిష్పత్తి పడిపోయింది, రెండోచోట పడలేదు. ఫిలిప్స్, ఆల్‌డ్రెడ్జ్ 2000లో ప్రచురించిన ఈ ఫలితానికి తర్వాతి భాగం ఇంకా విలువైనది. బెదరగొట్టడం ఆపేశాక మళ్లీ లెక్కించగా పిల్లల నిష్పత్తి తిరిగి పెరిగింది. ముందు లెక్క, తర్వాత లెక్క, పోల్చుకోవడానికి తాకని చోటు, ఆపాక మరో లెక్క: నాలుగూ ఉన్నాయి కాబట్టి ఆ ఏడాది మంచు ఎక్కువ పడిందనో, వేట పెరిగిందనో, దుప్పులు ముసలివైపోయాయనో చెప్పి ఫలితాన్ని తోసిపుచ్చే వీలు లేకుండా పోయింది. ఈనే కాలంలో కొన్ని దారులు మూసేయాలన్న నిబంధనకు ఇంతకంటే సూటైన ఆధారం అక్కర్లేదు.

ముందు, తర్వాత, తాకిన చోటు, తాకని చోటు అనే ఈ నాలుగు మూలల అమరికే పర్యవేక్షణకు వెన్నెముక. మన ప్రాంతంలో దీని అవసరం మరీ ఎక్కువ. ఒక ఏడు నైరుతి ముఖం చాటేస్తే చెరువులోని బాతులు తగ్గుతాయి, గడ్డి మొలవదు, సీతాకోకలు కనిపించవు. అదే ఏడు పార్కు తెరిచి ఉంటే పార్కును నిందించడం సులువు. మరుసటి ఏడు వానలు బాగా పడితే పార్కు వల్లే పక్షులు పెరిగాయని ప్రచారం చేసుకోవడమూ అంతే సులువు. తాకని చోటు పక్కన ఉంటే ఈ రెండు పొరపాట్లూ తప్పుతాయి. కనిపించకపోవడాన్ని లేకపోవడంగా రాసుకోకుండా కూడా జాగ్రత్తపడాలి. అదే బిందువుకు ఒకే రుతువులో మూడు నాలుగుసార్లు వెళ్లి, ఎన్నిసార్లు కనిపించింది, ఎన్నిసార్లు కనిపించలేదు అన్నదాన్ని బట్టి, ఉండి కూడా కంటపడకుండా పోయే అవకాశాన్ని అంచనా కట్టే గణాంక పద్ధతులు 2002 నుంచి వాడుకలో ఉన్నాయి. జన సంచారానికి భయపడి నక్కి ఉండే జీవుల విషయంలో ఇది తప్పనిసరి.

పారిపోవడాన్ని, సంఖ్యను మించి శరీరం లోపలికి చూసే పద్ధతి ఒకటి హైదరాబాదుకు దగ్గరి సంబంధం ఉన్నది. అక్కడి కణ, అణుజీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీకి చెందిన అంతరించిపోతున్న జాతుల పరిరక్షణ ప్రయోగశాల లాకోన్స్ శాస్త్రజ్ఞులు మధ్యప్రదేశ్‌లోని కన్హా, బాంధవ్‌గఢ్ పులుల అభయారణ్యాల్లో పులి మలం సేకరించి, అందులోని ఒత్తిడి హార్మోన్ల అవశేషాలను కొలిచారు. 2019లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం పర్యాటకులను అనుమతించే కాలంలో ఆ స్థాయి ఎక్కువగా ఉంది. వాహనాల సంఖ్య, సందర్శకుల సంఖ్య పెరిగేకొద్దీ అదీ పెరిగింది. పులిని పట్టుకోనక్కర్లేదు, మత్తు ఇవ్వనక్కర్లేదు, దాని కంటపడనక్కర్లేదు. ఈ పద్ధతికున్న పరిమితి కూడా చెప్పుకోవాలి. సఫారీ ఉన్న నెలలు, లేని నెలలు రుతువులో కూడా వేరు కాబట్టి కాలాన్ని మాత్రమే పోల్చితే సందేహం మిగులుతుంది. వాహనాల సంఖ్యతో కలిసి కదిలిందన్న సంగతే ఆ సందేహాన్ని చాలావరకు తగ్గిస్తోంది. ఒత్తిడి హార్మోన్ పెరిగిన ప్రతి పులీ పిల్లలను కనదని అర్థం కాదు. కానీ జబ్బు ముదిరాక లెక్కించడం కన్నా ముందుగానే పసిగట్టే సాధనం చేతికి దొరికింది. మన దేశంలో పులుల పర్యాటకంపై 2012లో సుప్రీంకోర్టు దాకా వివాదం వెళ్లింది. కోర్ ప్రాంతంలో సఫారీలను జూలైలో తాత్కాలికంగా ఆపి, అక్టోబరులో కొత్త మార్గదర్శకాలు వచ్చాక అనుమతించారు. కోర్‌లో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదని ఆ మార్గదర్శకాలు చెప్పాయి. ఆ పరిమితి ఒక విధాన నిర్ణయం. అది సరైనదో కాదో చెప్పగలిగేది ఇలాంటి కొలతలే.

ఎంతమందిని అనుమతించవచ్చు అన్న ప్రశ్న ఈ రంగాన్ని చాలాకాలం తిప్పలు పెట్టింది. మేత భూమి ఎన్ని పశువులను పోషించగలదో లెక్కగట్టినట్టే పార్కు ఎంతమందిని మోయగలదో లెక్కగట్టవచ్చని 1960ల్లో అనుకున్నారు. అలాంటి ఒక్క అంకె ఎక్కడా నిలవలేదు. పై తొక్కుడు ప్రయోగాలే దానికి కారణం చెబుతాయి: నష్టం తలల సంఖ్యతో పాటు సమానంగా పెరగదు, ఎక్కడ, ఏ రుతువులో, దారి మీదా దారి తప్పా అన్నదే ఎక్కువ నిర్ణయిస్తుంది. 1985లో అమెరికా అటవీ సేవకు చెందిన స్టాంకీ, కోల్ తదితరులు ప్రశ్నను తిరగేశారు. ఎంతమంది అని కాకుండా, ఎంత మార్పును ఒప్పుకుంటాం అని అడగమన్నారు. మార్పు లేకుండా జనాన్ని రానివ్వడం సాధ్యం కాదని ఒప్పుకుని, ఏ సూచికలో ఎంతవరకు మార్పు సహిస్తామో ముందే రాసి, ఆ గీత దాటితే ఏం చేస్తామో కూడా ముందే ప్రకటించే తొమ్మిది మెట్ల పద్ధతి అది. మోంటానా రాష్ట్రంలోని విశాలమైన బాబ్ మార్షల్ అడవిలో తొలిసారి అమలుచేశారు. ఒక శిబిర స్థలంలో బోడి నేల ఎంత, ఒక లోయలో అలాంటి స్థలాలు ఎన్ని అనేవి అక్కడి సూచికలు. ఈ పద్ధతి గొప్పతనం గీత ఎక్కడ గీశారన్న దానిలో లేదు, లెక్క చేతికి రాకముందే గీశారన్న దానిలో ఉంది. లెక్క వచ్చాక గీస్తే ఏ అధికారి అయినా, ఏ కాంట్రాక్టరయినా ఉన్న నష్టానికి కాస్త అవతలే గీస్తారు.

దక్షిణ ఇంగ్లండులోని థేమ్స్ బేసిన్ హీత్స్ దీనిని భూమి వినియోగ చట్టంతో ముడిపెట్టిన ఉదాహరణ. లండన్ చుట్టుపక్కల పొదలతో నిండిన ఆ నేలల్లో డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్, నైట్‌జార్, వుడ్‌లార్క్ అనే మూడు పిట్టలు నేలమీదో నేలకు దగ్గరగానో గూడు కడతాయి. అక్కడికి వచ్చేవారిలో అధికులు కుక్కల్ని తిప్పేవాళ్లు. దక్షిణ ఇంగ్లండులోనే మరోచోట ఇలాంటి నేలల్లో, జన సంచారం ఎక్కువున్న హెదర్ పొదల్లో డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్ జంటలు సంతానోత్పత్తిని ఆరు వారాల వరకు ఆలస్యం చేసుకున్నాయని 2007లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఆలస్యమైన జంటకు ఆ ఏడు రెండో ఈతకు వ్యవధి ఉండదు. 2005లో రక్షిత ప్రాంతంగా ప్రకటించాక, హద్దు నుంచి 400 మీటర్ల లోపు కొత్త ఇళ్లను నిలిపివేశారు. 5 కిలోమీటర్ల లోపు కట్టేవారు ప్రతి వెయ్యిమంది కొత్త నివాసులకు కనీసం 8 హెక్టార్ల వేరే పచ్చని స్థలం చూపాలి. పిట్టల లెక్కా, సందర్శకుల సర్వేలూ క్రమం తప్పకుండా సాగుతున్నాయి. జనానికి నడవడానికి చోటు కావాలన్నది నిజమే కాబట్టి ఆ చోటును పిట్ట గూటికి దూరంగా ఇచ్చారు.

మన దగ్గర జనం లేకుండా అడవి గురించి మాట్లాడటమే కుదరదు. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానాన్ని 1998లో ప్రకటించారు. విస్తీర్ణం 142 హెక్టార్లకు కాస్త ఎక్కువ. చుట్టూ నాలుగు వైపులా రోడ్లు; తెల్లవారుజాము నుంచి వాకర్ల రద్దీ. అక్కడ 600 వృక్ష జాతులు, 140 పక్షి జాతులు ఉన్నాయన్న అంకెలు వార్తల్లో, పర్యాటక పుస్తకాల్లో ఏళ్లతరబడి అలాగే కనిపిస్తుంటాయి. ఏ ఏడాది, ఏ పద్ధతిలో, ఎన్నిసార్లు తిరిగి లెక్కించారన్నది ఆ అంకెల పక్కన ఉండదు. 2020లో కేంద్రం ఖరారు చేసిన దాని ప్రకారం ఈ ఉద్యానం చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్ వెడల్పు చోటును బట్టి 3 మీటర్ల నుంచి దాదాపు 30 మీటర్లు మాత్రమే. ఉద్యానం చుట్టూ కట్టదలచిన ఫ్లైఓవర్లు వద్దన్నవారికీ కావాలన్నవారికీ మధ్య 2016 నుంచి ఎన్నో వాదోపవాదాలు నడిచాయి. ఎన్ని చెట్లు కొట్టాలన్న దాని చుట్టూనే అవి ఎక్కువగా తిరిగాయి. చెట్టు లెక్క తేలిక, కాబట్టి అదే ముందుకొస్తుంది. రాత్రి వెలుతురు పెరిగితే, వాహనాల హోరు పెరిగితే లోపలి పక్షులు ఏ గంటకు కూస్తాయి, ఎంత లోపలికి జరుగుతాయి అన్న ప్రశ్నకు పదేళ్ల పాత లెక్క ఉంటే ఇరువైపులవారికీ మాట్లాడటానికి ఆధారం ఉండేది.

తిరుమల మరో రకం. అలిపిరి నడకదారి శేషాచలం అడవి గుండా పోతుంది. 2023 వేసవిలో చిరుత ఒక పసివాడి మీద పడటం, ఆగస్టులో ఒక చిన్నారిని బలిగొనడం అందరినీ కలచివేశాయి. ఆ తర్వాతే పెద్ద ఎత్తున కెమెరా ట్రాపులు పెట్టారు, పదిహేనేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలో అనుమతించలేదు, కొన్ని చిరుతలను బోనుల్లో పట్టుకున్నారు. దారి వెంట తినుబండారాల వ్యర్థాలు కుక్కలను, పందులను, దుప్పులను పోగుచేస్తాయి. వాటి వెనక చిరుత వస్తుంది. ఇది ఏళ్లుగా నెమ్మదిగా పేరుకునే మార్పు. క్రమం తప్పని లెక్క ఉంటే అది మనిషి ప్రాణం పోకముందే కనబడేది. వన్యప్రాణుల పర్యవేక్షణ జంతువుల కోసమేనని అనుకునేవారికి ఈ ఒక్క దారి చాలు. నల్లమలలోని సలేశ్వరం జాతర ఇంకో విధంగా పనికొస్తుంది. చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులపాటు, నీళ్లు అడుగంటిన నడి ఎండాకాలంలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలికి భక్తులు వేలాదిగా వెళ్తారు. మిగతా ఏడాదంతా ఆ దారి దాదాపు ఖాళీ. ఏటా అదే దారి, అదే రుతువు. జాతరకు మూడు వారాల ముందు, జాతరలో, మూడు వారాల తర్వాత అవే కెమెరాలను అవే చోట్ల ఉంచి, పక్క లోయలో కొన్ని కెమెరాలు పెడితే, అటవీశాఖకు చౌకగా దొరికే ప్రయోగం అదే. జాతరను ఆపమనే మాట లేకుండానే ఏ గుంట దగ్గర జనాన్ని ఆగనివ్వకూడదో, జంతువులు ఎన్ని రోజులకు తిరిగి వస్తాయో తెలుస్తుంది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. ఊపిరాడని నగరంలో నాలుగడుగులు వేసే చోటు కూడా లెక్కల పేరుతో మూసేస్తారా అని. జనం రాని అడవికి అండగా నిలిచేవాళ్లు తక్కువ. కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానం కోసం రోడ్డెక్కినవాళ్లలో చాలామంది రోజూ అక్కడ నడిచేవాళ్లే. ఈ అభ్యంతరంలో నిజముంది, పర్యవేక్షణ దానికి విరుద్ధం కాదు. నలిగిన బాట మీద జనం పెరిగితే మొక్కలకు నష్టం కొద్దిగానే పెరుగుతుందని తొక్కుడు ప్రయోగాలు చెబుతున్నాయి. వాకర్లకు ఇది అనుకూలమైన ఫలితం. అంచున ఒకే ట్రాకును బాగా ఉంచి, లోపలి భాగాన్ని ముట్టకుండా వదిలేస్తే ఎక్కువమందికి చోటూ దొరుకుతుంది, పోల్చుకోవడానికి తాకని నేలా మిగులుతుంది. సందర్శకులను దూషించడమూ అనవసరం. అమెరికాలోని యాంటెలోప్ ఐలాండ్‌లో టేలర్, నైట్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో నడిచేవాళ్లకూ సైకిళ్లవాళ్లకూ జంతువుల స్పందన ఒకేలా ఉంది; దారిమీది మనిషి వంద మీటర్ల లోపుకు వస్తే అవి బెదిరిపోయే అవకాశం 70 శాతం. సందర్శకుల్లో దాదాపు సగం మంది మాత్రం తమ రాకవల్ల జంతువులకు ఇబ్బందేమీ లేదనే నమ్మారు. వాళ్లు కావాలని చేసింది కాదు. వంద మీటర్ల అవతల లేచి వెళ్లిపోయిన జంతువు వాళ్ల కంటపడనే లేదు.

ఖర్చు గురించిన అభ్యంతరం మిగిలింది. బీట్ ఆఫీసరు ఒక్కడే వందల హెక్టార్లు చూసుకునే శాఖకు ఈ పని అదనపు భారమే. కానీ దీనికి కావలసినవి పెద్ద ప్రయోగశాలలు కావు. శాశ్వతంగా గుర్తుపెట్టిన ఇరవై బిందువులు, ఒక్కోచోట పది నిమిషాల పక్షి లెక్క, అదే చోట చట్రం పరిచి మొక్కల నమోదు, అదే దిక్కున తీసిన ఫొటో, ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందోసారి తర్వాతోసారి. పక్షుల విషయంలో ఔత్సాహికుల సాయం ఎంత దూరం తీసుకెళ్తుందో 2015 నుంచి 2020 వరకు సాగిన కేరళ బర్డ్ అట్లాస్ చూపింది. నియమం ప్రకారం గళ్లు గీసి, వర్షాకాలంలోనూ పొడికాలంలోనూ అదే పద్ధతిలో వందలమంది లెక్కించారు. 2025లో హైదరాబాదులోనూ అలాంటి బర్డ్ అట్లాస్ మొదలైంది. ఔత్సాహికులు తమకిష్టమైన చోటికే వెళ్తారన్న విమర్శకు గళ్లు గీయడమే జవాబు: ఎక్కడికి వెళ్లాలో గడి చెబుతుంది.

2020లో కేంద్రం నగరాల్లో వనాలను అభివృద్ధి చేసే నగర్ వన్ పథకాన్ని ప్రకటించింది. హైదరాబాదు చుట్టూ రిజర్వు అడవి బ్లాకుల్లో అర్బన్ ఫారెస్ట్ పార్కులు పదుల సంఖ్యలో వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. ప్రాజెక్టు నివేదికలో కంచెకు, గేటుకు, ట్రాకుకు, వాచ్‌టవర్‌కు పద్దులు ఉంటాయి. వాటికి ముందు, ఒక పూర్తి ఏడాది లెక్కకు ఒక పద్దు చేర్చి, ఆ లెక్క చేతికి వచ్చాకే ట్రాకు ఎటు వెళ్లాలో గీయాలి. కనీసం మూడో వంతు బ్లాకును తాకకుండా పోలికకు ఉంచాలి. ఏ సూచిక ఎంత పడితే ఏ దారి, ఏ నెలల్లో మూస్తారో ప్రారంభోత్సవానికి ముందే గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. ఇప్పటికే తెరిచిన పార్కుల్లో తొలి రోజుల లెక్క దొరకదు. అలాంటిచోట ఒక దారిని రెండు మూడేళ్లు మూసి, దుప్పుల పిల్లల్లా తిరిగి వచ్చేవి ఏవో, గట్టిపడిన నేలలా రానివి ఏవో మొదట చూసుకోవాలి.